మళ్ళీ హాస్టలేంట్రా, అంది మా అమ్మ

మా గుంటూరులో, ఆ మాటకొస్తే బెజవాడలోనూ, హాస్టల్ అనే మాటకు ఒకటే అర్థం. తెల్లారుజామున నాలుగున్నరకు గంట, గరిటెకు ముక్క తగలని సాంబారు, ట్రంకు పెట్టె, ఆదివారం గేటు దగ్గర అమ్మ పట్టుకొచ్చిన పులిహోర డబ్బా. నేనూ బెజవాడలో రెండేళ్లు అలాగే ఇంటర్ చదివాను, ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు, అది ఇప్పుడెందుకు గానీ. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో బ్యాగు సర్దుకుంటూ "మూడ్రోజులు హాస్టల్లో ఉండొస్తానమ్మా" అంటే, ఆవకాయ కోసం మామిడి ముక్కలు తుడుస్తున్న మా అమ్మ చేతిలో గుడ్డ పక్కన పెట్టి మరీ "మళ్ళీ హాస్టలేంట్రా?" అంది.

సంగతేంటంటే, నేను మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో లెక్కలు రాస్తాను. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటాలు, చీటీలు, ధర మీద వాదనలు, ఊపిరాడదు. మాటవరసకి కాదు, నిజంగానే ఆడదు. రాత్రి ఇంటికెళ్లి చొక్కా విప్పితే పిల్లలిద్దరూ వరసగా తుమ్ముతారు. మేలో యార్డుకు వేసవి సెలవులిస్తారు. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని నరసరావుపేట పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో నేను, అమ్మ, ఫ్యాను. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది ఫోన్ చేసి, "బావా, సముద్రం దగ్గర కొత్తగా ఒక హాస్టల్ పెట్టారు, డార్మిటరీలో బెడ్ బుక్ చేస్తున్నా, లాడ్జి రూములో అయితే ఒక్కడివే టీవీ చూస్తూ కూర్చుంటావు, అక్కడైతే మనుషులు దొరుకుతారు" అన్నాడు. పొద్దున లేస్తే వందల మంది మొహాలు చూసేవాడికి మనుషులు దొరకడమేంట్రా అన్నాను. అప్పటికే వాడు డబ్బులు కట్టేశాడు.

పేరు మాత్రం రాయట్లేదు. వాళ్ల మీద నాకున్న కోపం కూడా ఇందులో రాస్తాను, పాపం నలుగురు కుర్రాళ్లు డబ్బులేసుకుని నడుపుతున్నారు. సూర్యలంక వైపు, జనం ఉండే బీచ్‌కి కాస్త ఎడంగా, సరుగుడు తోటల వెనక ఉంటుందని చెప్తే చాలు. ఇలాంటివి ఇప్పుడు ఏ తీరానికి వెళ్లినా కనిపిస్తున్నాయి కాబట్టి, ఇది చదివి మీరు ఇంకోదానికి వెళ్లినా పనికొస్తుంది.

వెళ్లడం సులువే. గుంటూరు ఎన్టీఆర్ బస్టాండులో బాపట్ల బస్సెక్కితే పొన్నూరు మీదుగా గంటన్నర పైన పడుతుంది. విజయవాడ వాళ్లకు రైలే నయం, తెనాలి, నిడుబ్రోలు దాటాక బాపట్ల. అక్కడి నుంచి సముద్రం తొమ్మిది కిలోమీటర్లు, ఆటో అతను మూడొందలు అడిగి రెండొందల యాభైకి వచ్చాడు. దారంతా అతనిది ఒకటే పాట, "మీది గుంటూరు జిల్లా, మాది బాపట్ల జిల్లా సార్" అని. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా వాటాకు యార్డు మిగిలింది, సముద్రం వాళ్లకు పోయింది. ఇప్పుడు గుంటూరు జిల్లాకు గజం తీరం కూడా లేదు. అన్నదమ్ముల పంపకాల్లో కూడా ఇంత అన్యాయం చూడలేదు నేను.

ఫొటోల సంగతి ముందే చెప్పేస్తాను. యాప్‌లో పెట్టిన ఫొటోలో మంచం మీద కూర్చుంటే కిటికీలోంచి అలలు కనిపిస్తాయి. ఆ కిటికీ ఏ ఊళ్లోదో గానీ ఇక్కడిది కాదు. ఇక్కడ డాబా ఎక్కి, పడమటి మూల ట్యాంకు పక్కన నిలబడి సముద్రం వైపు చూస్తే, సరుగుడు చెట్ల మధ్య రిబ్బను ముక్కంత నీలం కనబడుతుంది. నడిస్తే ఆరేడు నిమిషాలు, మధ్యాహ్నం అయితే ఇసకలో చెప్పులు కూడా కాలతాయి. చెట్లు కొన్ని ఒకే వైపుకి ఒరిగి ఉన్నాయి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా, అప్పుడు వాలినవి మళ్ళీ లేవలేదని వంటమ్మాయి చెప్పింది. ఆవిడ గురించి తర్వాత రాస్తాను, ఈ హాస్టల్లో రాయదగ్గ వాళ్లలో ఆవిడే మొదలు.

రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి మర్యాదగానే ఉంది. ఆధార్ చూసుకుంది, సంతకం పెట్టించుకుంది. నా ముందు ఒక ఫ్రాన్స్ ఆయన ఉన్నాడు, సైకిల్ మీద కలకత్తా నుంచి చెన్నైకి పోతున్నాడట. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో నింపి పంపాలి, ఆ సైటు తిరుగుతూనే ఉంది, ఆయన నిలబడే ఉన్నాడు, వెనక నేను, నా వెనక ఇంకో ఇద్దరు, అలా ముప్పావు గంట. మనుషులు దొరకడం అక్కడి నుంచే మొదలైందనుకోండి. తువ్వాలు కావాలంటే యాభై రూపాయలు అద్దె. లాకర్‌కి తాళం మనదే. మా అమ్మ నా ఇంటర్ నాటి ట్రంకు పెట్టె తాళం వెతికి ఇచ్చింది, ఇరవై ఏళ్లు దాచింది దాన్ని. తీరా చూస్తే ఆ కొంకి లాకర్ కన్నంలో దూరలేదు. వేరే తాళం కౌంటర్లో నూటిరవైకి కొన్నాను, బయట అరవై ఉంటుంది.

డార్మిటరీలో ఎనిమిది మంచాలు, కిందా పైనా. ఏసీ. బెడ్‌కి రాత్రికి ఏడొందలు, శనాదివారాలు వెయ్యి. నాకు పై మంచం ఇచ్చారు. తొంభై కిలోల మనిషిని నేను, ఆ నిచ్చెన మెట్లు గుండ్రటి ఇనప రాడ్లు, ఎక్కుతుంటే అరికాలు మధ్యలో దిగబడతాయి. ఎక్కాక పరుపు మీద రెక్సిన్ కవరు, దాని మీద పల్చటి దుప్పటి, ఇటు తిరిగితే కిర్రు, అటు తిరిగితే కిర్రు. మంచానికో తెర, చిన్న లైటు, ప్లగ్గు పాయింటు ఉన్నాయి, ఇవి మాత్రం బాగా ఆలోచించి పెట్టారు. తెర లాగితే మీ ప్రపంచం మీది. ఇంటర్ హాస్టల్లో ఆ తెర ఒక్కటి ఉండుంటే నేనింకో నాలుగు మార్కులు తెచ్చుకునేవాణ్ణి.

ఇక మాటలు ఎలా కలిశాయో చెప్పాలి. బ్యాగు విప్పి దుప్పటి దులిపాను. యార్డుకు రోజూ మోసుకెళ్లే బ్యాగే అది, తెల్లారి బస్సుకని హడావుడిలో అందులోనే సర్దేశాను. ఒక్క నిమిషం. ముందు నా కింద మంచంలో బెజవాడ పటమట కుర్రాడు తుమ్మాడు. తర్వాత ఎదురు మంచంలో తెనాలి మాస్టారు, రిటైరైన లెక్కల టీచరు, ఆయన వరసగా ఐదు. ఆ తర్వాత ఫ్రాన్స్ ఆయన, తర్వాత ఇంకెవరో, ఏసీ గది కదా, ఘాటు బయటకు పోయే దారి లేదు. మాస్టారు కళ్లు తుడుచుకుంటూ "తేజా రకం మిర్చా?" అని అడిగారు. "అవునండీ" అన్నాను. అంతే, ఇక పరిచయాలతో పని లేకపోయింది. మూడు రోజులూ నన్ను అందరూ మిర్చి అనే పిలిచారు.

మన వైపు ఇద్దరు కొత్తవాళ్లు కలిస్తే మొదటి ప్రశ్న "మీదే ఊరండీ", రెండోది "అక్కడ ఫలానా వాళ్లు మీకేమవుతారు", మూడో ప్రశ్న నేను రాయక్కర్లేదు, మీకు తెలుసు. మూడోదానికి జవాబు దొరికేదాకా ఎవరికీ కుదురుండదు. కామన్ హాల్లో పొడవాటి బల్ల ఒకటి ఉంది, పాత పడవ చెక్కలతో చేయించారట, దాని మీద చిన్న అట్టముక్క: "ఊరు అడగండి, ఇంటిపేరు అడగొద్దు." నవ్వులాటకే పెట్టి ఉంటారు. కానీ పనిచేసింది. రోజూ రాత్రి ఒకే బల్ల మీద తిన్నాం, అక్కడ ఎవరు ఎవరో నాకిప్పటికీ తెలియదు, వాళ్లకీ నేను తెలియదు. ఇలా జరగడం నా జీవితంలో ఇదే మొదటిసారని ఇంటికొచ్చాక గానీ తట్టలేదు.

ఆ బల్ల గురించి ఇంకో మాట. హాలు మొత్తానికి మంచి చార్జింగ్ పాయింట్లు ఆ బల్ల కిందే ఉన్నాయి, టీ కెటిల్ దాని మీదే, వైఫై కూడా అక్కడే అందుతుంది, డార్మిటరీలో ఒక గీత వస్తే గొప్ప. కావాలని చేశారో, డబ్బుల్లేక చేశారో గానీ, అందుకే అందరూ వచ్చి అక్కడ కూర్చుంటారు. మనుషులు కలవడానికి అంతకు మించి ఏర్పాటు అక్కర్లేదు. కానీ వీళ్లు ఊరుకోరు. రాత్రి ఎనిమిదికి ఒక వాలంటీరు వచ్చి చప్పట్లు కొట్టి, గుండ్రంగా కూర్చోబెట్టి, మీ గురించి రెండు నిజాలు ఒక అబద్ధం చెప్పండి అంటాడు. మాస్టారు "నాకు షుగరుంది, బీపీ ఉంది, మోకాళ్లు బాగున్నాయి" అన్నారు. దాంతో ఆ ఆట ముగిసింది.

తిండి. గోడ మీద మెనూ బోర్డు చూస్తే మ్యాగీ, పాస్తా, ఫ్రైడ్ రైస్, పాన్‌కేకు. బాపట్ల దాకా వచ్చి పాన్‌కేకు తినే ఖర్మ ఎవరికుంటుందో తెలీదు, ఫ్రాన్స్ ఆయన కూడా తినలేదు. బోర్డు కింద సుద్దముక్కతో "ఈరోజు పట్టిన వంజరం ఫ్రై, 450" అని రాసి ఉంది. మే నెలాఖరు అది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మరబోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు వేట నిషేధం. మరి ఈరోజు వంజరం పట్టిందెవరు? అయినా ఆశపడి చెప్పాను. ముక్క విరిస్తే పొడిపొడిగా రాలింది. యార్డులో కోల్డ్ స్టోరేజీ సరుకుని ఏసీ కాయలంటాం, రంగు ఉంటుంది, ఘాటు తేడా కొడుతుంది, అది కనిపెట్టడమే నా ఉద్యోగంలో సగం. ఇది ఏసీ చేప. వెయిటర్ కుర్రాడితో అదే అంటే వాడికి అర్థం కాలేదు, మాస్టారు మాత్రం నీళ్లు పొలమారేదాకా నవ్వారు.

రెండో రోజు మధ్యాహ్నం వెనక పెరట్లోంచి వాసన వచ్చింది. చింతపండు పులుసు, పచ్చిమిరపకాయలు, చిన్న చేప. వెళ్లి చూస్తే వంటమ్మాయి స్టాఫ్ కోసం నెత్తళ్ళ పులుసు పెడుతోంది. ఒడ్డు నుంచి లాగే వలలకు, ఇంజను లేని తెప్పలకు నిషేధం లేదు, వాటికి పడ్డ నెత్తళ్లు పొద్దున్నే వాళ్ల మామయ్య తెచ్చిస్తాడట. "మాకు పెట్టవా అమ్మా?" అంటే "మీరు బోర్డు మీదున్నవే తింటారన్నారు సార్" అంది. ఆ పూట నుంచి మా బల్ల బోర్డు వంక చూడలేదు. మనిషికి నూటిరవై తీసుకుంది, అన్నం, పులుసు, దోసకాయ పచ్చడి, మజ్జిగ. మా అమ్మ ఇచ్చిన కొత్తావకాయ సీసా బల్ల మధ్యలో పెట్టాను, ఇంకా ఊరనే లేదు, మూడో రోజు పొద్దుటికి సీసా అడుగు కనబడింది. ఇలాంటి చోటికి వెళ్తే మెనూ అడగకండి, స్టాఫ్ ఏం తింటున్నారో అడగండి.

బాత్రూములు ఎనిమిది మందికి రెండు. ఉదయం ఏడు తర్వాత వెళ్తే వరసే. కాళ్లు కడుక్కోవడానికి బయట కుళాయి పెట్టలేదు, కాబట్టి సముద్రం నుంచి వచ్చిన ప్రతివాడూ అరకిలో ఇసక లోపలికే తెస్తాడు, మధ్యాహ్నానికి నీళ్లు కదలవు. బోరు నీళ్లు ఉప్పన. ఎంత రుద్దినా సబ్బు నురగ రాదు, వచ్చిందల్లా జిడ్డులా ఒంటికి అంటుకుని ఉంటుంది, కడిగినట్టూ ఉండదు, కడగనట్టూ ఉండదు. అమ్మాయిల డార్మిటరీలో గుంటూరు నర్సులు ఇద్దరుండేవాళ్లు, వాళ్లు శీకాకాయ పొడి తెచ్చుకున్నారు, తెలివైనవాళ్లు. తాగడానికి క్యాన్ నీళ్లు ఉచితమే, ఎప్పుడూ నిండుగా ఉంచారు, ఆ ఒక్క విషయంలో వంక పెట్టను.

సముద్రం గురించి ఒకటి చెప్పాలి, ఇది హాస్టల్ వాళ్లు చెప్పాల్సింది. నా మూడు రోజుల్లో ఒక్కరు కూడా చెప్పలేదు, గోడ మీద ఒక్క బోర్డు లేదు. జనం ఉండే పెద్ద బీచ్‌లో అయితే లోపలికి పోతే అరిచేవాళ్లు, విజిల్ ఊదేవాళ్లు ఉంటారు. హాస్టల్ వైపు ఎవరూ ఉండరు. దిగిన మర్నాడు పొద్దున ఐదున్నరకు, అప్పుడే సూర్యుడు లేస్తున్నాడు, నేనూ పటమట కుర్రాడూ దిగాం. ఒకచోట అలలు విరగట్లేదు, నీళ్లు కాస్త నల్లగా, నిమ్మళంగా ఉన్నాయి, అక్కడ బాగుందని అటు నడుస్తుంటే, ఒడ్డున అలివి వల లాగుతున్న ముసలాయన తాడు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "అక్కడికి పోమాకండి బాబూ, అల లేని చోటే లాగుద్ది" అన్నాడు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదట, అందుకే అక్కడ అల విరగదు. చూడ్డానికి అదే మంచి చోటులా ఉంటుంది. అందులో పడితే ఒడ్డుకి ఎదురీదకూడదు, అలిసిపోతాం, ఒడ్డు వెంబడి పక్కకి ఈది ఆ పాయలోంచి తప్పుకోవాలి, ఆ తర్వాతే ఒడ్డు వైపు రావాలి. మా ఇద్దరికీ ఈత అంతంతమాత్రం. ఆ తర్వాత మోకాళ్ల లోతు దాటలేదు మేము. ఆయన వల లాగుతుంటే తాడు పట్టాం, అరచేతులు ఎర్రబడ్డాయి గానీ గుప్పెడు నెత్తళ్లు చేతిలో పెట్టి పంపాడు.

అన్నట్టు అక్కడ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది, అటు తిరిగి ఫొటోలు తీయకండి, పటమట వాడిని ఒకసారి ఆపి ఫోన్ చూశారు.

ఇప్పుడు శుక్రవారం రాత్రి. రోహిణి కార్తె, పడమటి గాలి. మామూలుగా మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి చల్లగాలి తిరుగుతుంది, పడమర నుంచి వడగాలి గట్టిగా ఉన్న రోజు అది రానే రాదు, లేకపోతే రాత్రికి గానీ రాదు. ఆ రోజు రాలేదు. పదిన్నరకు కరెంటు పోయింది. యాప్‌లో 24 గంటల పవర్ బ్యాకప్ అని రాశారు. ఉన్నది ఇన్వర్టరు, అది ఫ్యాన్లకి, లైట్లకి సరిపోతుంది, ఏసీలని మోయదు. పోనీ ఫ్యాన్లు తిరుగుతాయా అంటే ఏసీ ఉంది కదా అని డార్మిటరీలో ఫ్యాన్లే బిగించలేదు! పావుగంటకి రెక్సిన్ పరుపు వీపుకి అంటుకుపోయింది. రిసెప్షన్‌కి వెళ్తే లైన్‌మాన్‌కి ఫోన్ చేశామంది ఆ అమ్మాయి.

మాస్టారు లేచి నిలబడి క్లాసులో చెప్పినట్టే చెప్పారు. "దుప్పట్లు తీసుకుని అందరూ డాబా మీదకి. ఇద్దరు బకెట్లు పట్టండి." గుంటూరులో మా చిన్నప్పుడు వేసవి వస్తే రోజూ ఇదే పని. సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లితే గచ్చు బుస్సుమని పీల్చుకునేది, అప్పుడొచ్చే వాసన మట్టి వాసన కాదు, సున్నం వాసన కాదు, పొద్దంతా ఎండిన రాయి వాసన. పక్క డాబా మీద వాళ్లు, ఆ పక్క వాళ్లు, పిట్టగోడల మీంచే కబుర్లు, మడత మంచాలు, కూజా. ఏసీలొచ్చాక ఆ డాబాలన్నీ చీకటైపోయాయి. ఇరవై ఏళ్ల తర్వాత అదే వాసన ఉప్పు బోరు నీళ్లతో వచ్చింది. నర్సులు కూడా పైకొచ్చారు, ఫ్రాన్స్ ఆయన దోమతెర తెచ్చుకున్నాడు, అక్కర్లేకపోయింది, పదకొండున్నరకు గాలి తిరిగింది. సముద్రం కనబడట్లేదు, వినబడుతోంది. ఫొటోలో ఉన్న కిటికీ కన్నా అదే నయం.

మాటలు సాగాయి. ఈ హాస్టళ్లు ఎవరు కనిపెట్టారో తెలుసా అని మాస్టారు మొదలుపెట్టారు. జర్మనీలో రిచర్డ్ షిర్మాన్ అని ఒక స్కూల్ టీచరు, 1909లో పిల్లల్ని కాలినడకన తిప్పుతుంటే గాలివాన పట్టుకుంది, రాత్రికి ఒక ఊరి బడిలో తలదాచుకున్నారు. సెలవుల్లో ఖాళీగా ఉండే బళ్లన్నీ ఇలా పిల్లలకు పడకలెందుకు కాకూడదని ఆయనకి తోచింది. 1912లో ఆల్టెనా అనే ఊళ్లో పాత కోటలో మొదటి యూత్ హాస్టల్ తెరిచారు. "అంటే కనిపెట్టింది టీచరు, అదీ వాన దెబ్బకి" అని మాస్టారు ముగించి, మనకి సత్రాలు ఎప్పటి నుంచో ఉన్నాయి కదా అని నేనంటే, "సత్రంలో డబ్బులు కట్టి ఆటలు ఆడించుకోవడం లేదు కదయ్యా" అన్నారు. పటమట కుర్రాడు సీఏ మూడోసారి పోయిందని, ఇంట్లో ఇంకా చెప్పలేదని, రిజల్ట్ వచ్చిన రోజే ఇక్కడికి బస్సెక్కానని అప్పుడు చెప్పాడు. ఎవరూ ధైర్యం చెప్పలేదు. ఒక నర్సు మాత్రం "ఫోన్ స్విచాఫ్ చేశావా?" అని అడిగింది. చేశానన్నాడు. "మీ అమ్మకి మెసేజ్ పెట్టు, తిన్నానని, అది చాలు" అంది. పెట్టాడు.

రెండు నలభైకి కరెంటొచ్చింది, కింద ఏసీ బుర్రుమన్న చప్పుడు పైకి వినబడింది. ఒక్కడే దిగాడు, పటమట వాడు, వాళ్లమ్మ తిరిగి ఫోన్ చేసేసరికి చార్జింగ్ అయిపోయిందని.

ఆ రాత్రికి మార్కులు హాస్టల్‌కి వేయను. డార్మిటరీకి ఫ్యాను బిగించకపోవడం వాళ్ల తప్పు, డాబా మాది.

శనివారం కథ వేరు. మధ్యాహ్నం ఒక గుంపు దిగింది, ఎనిమిది మంది, రెండు కార్లు, ఆడియో స్పీకరు ఒకటి సూట్‌కేసంత. మాస్టారు, ఫ్రాన్స్ ఆయన పొద్దున్నే వెళ్లిపోయారు, మా గదిలో ఆరు మంచాలు వాళ్లకే ఇచ్చారు. పదిన్నర తర్వాత నిశ్శబ్దం అని తలుపు మీద రాసి ఉంది, పన్నెండున్నరకు ఆ రాత కిందే సీసాలు పగిలాయి. నైట్ డ్యూటీ కుర్రాడు రెండుసార్లు వచ్చి "అన్నా, కొంచెం" అని వెళ్లిపోయాడు, మూడోసారి ఫోన్ తీయలేదు. అమ్మాయిల గది తలుపు ఎవడో కొట్టాడట, తాగి గది మర్చిపోయానన్నాడట. నర్సులు తెల్లారకుండానే ఆటో పిలిపించుకుని వెళ్లిపోయారు, ఇంకో రాత్రికి కట్టిన డబ్బులు అడిగితే పాలసీ ఒప్పుకోదన్నారు. నాకు కోపం అక్కడ. పరుపు కిర్రుమంటే ఓర్చుకుంటాం, చేప ఏసీదైతే నవ్వుకుంటాం. ఆడపిల్లలు ఒంటరిగా రావచ్చని యాప్‌లో పెద్దక్షరాలతో రాసుకున్నప్పుడు, రాత్రి గేటు దగ్గర గట్టిగా మాట్లాడగల ఒక మనిషిని పెట్టాలి. ఒక గుంపుకి ఒక గదిలో మూడు మంచాలకు మించి ఇవ్వకూడదు, ఇస్తే మిగతా ఇద్దరూ వాళ్లింటికి చుట్టపుచూపుగా వెళ్లినట్టే ఉంటుంది. ఇదే మాట మేనేజర్‌కి చెప్పాను. "వీకెండ్ బిజినెస్ సార్" అన్నాడు. ఆ మాట నిజమే అయ్యుండొచ్చు, సీజన్ అంటే ఏంటో నాకు తెలియదా. కానీ సీజన్లో కూడా మేం తడిసిన టిక్కీని పొడి ధరకి అమ్మం.

స్టార్లు వేయమని మూడుసార్లు మెసేజ్ వచ్చింది. గురు, శుక్రవారాలకు నాలుగు, శనివారానికి ఒకటి. యాప్ అలా ఒప్పుకోదు కాబట్టి వేయలేదు.

వెళ్లాలనుకుంటే బుధవారం దిగి శనివారం పొద్దుటికి బయటపడండి. కార్తీక మాసంలో అసలు వెళ్లకండి, సముద్ర స్నానాలకి వచ్చే జనంతో ఆ రోడ్డులో ఆటో కదలదు. కుటుంబంతో అయితే హాస్టల్ జోలికి పోకుండా రూములున్న చోటు చూసుకోండి, టూరిజం వాళ్ల రిసార్టు అక్కడే ఉంది. ఒక్కరే వెళ్తే మాత్రం ఇలాంటి చోటే మంచిది, మా బావమరిది మాట నిజమే, వాడికి చెప్పకండి. సన్న కొంకి తాళం, శీకాకాయ పొడి, ఇసకకి పాత చెప్పులు పట్టుకెళ్లండి. యార్డులో పని చేసేవాళ్లయితే కొత్త బ్యాగు. కింద మంచం అడగండి, కిటికీ పక్కన ఐదో నంబరు అయితే ఇంకా మంచిది. మూడో నంబరు వద్దు, దాని ప్లగ్గు లూజు, చార్జర్ కింద చెప్పు ఆనించి పెడితే గానీ ఎక్కదు.